ఇల్లు నీళ్లలో, మనం వేరొకరి ఇంట్లో: వరద తీసేదాకా ఆ రోజులు ఎలా నెట్టుకురావాలి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధిలో పాదం మునిగేంత నీళ్లు. మధ్యాహ్నానికి నడుం దాటాయి. ఆ రాత్రి పైవాటా వాళ్ల దగ్గర తలదాచుకున్నాం. మర్నాడు సాయంత్రం పడవలో ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కణ్నుంచి పోరంకిలో మా ఆడపడుచు ఇంటికి చేరాం. మళ్లీ మా గడప తొక్కింది పదో రోజున.

అప్పట్నుంచి ఎక్కడ గట్టిగా వాన పడినా ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు: ఎన్నాళ్లు ఉండాల్సొస్తుంది, ఇల్లు చూసి రావచ్చా, వెళ్లాక ముందు ఏం చెయ్యాలి అని. వరదొస్తే ఏం సర్దుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బయటపడ్డాక, తిరిగి ఇల్లు చేరేలోపు ఉండే రోజుల గురించి చెప్పేవాళ్లే తక్కువ. మా వీధిలో జరిగిన నష్టంలో నీళ్లు చేసింది ఒక వంతైతే, ఆ రోజుల్లో తొందరపడి చేసిన పనులూ, తెలియక వదిలేసిన పనులూ తెచ్చిపెట్టింది ఇంకో వంతు. ఈ రెండోది మన చేతిలో ఉంటుంది. అందుకే వరసగా రాస్తున్నాను.

## 1. గడప దాటే ముందు పది నిమిషాలు

నీళ్లు ఇంట్లోకి రాకముందే చేస్తే పది నిమిషాల పని. వచ్చాక చేస్తే ప్రాణం మీదికి తెచ్చే పని. ఈ వరస తప్పకండి.

1. మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి. వీధి కరెంటు తీసేసినా ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి కరెంటు పారుతూనే ఉంటుంది. మీరు నిలబడ్డ చోట అప్పటికే నీళ్లుంటే బోర్డు ముట్టుకోవద్దు. 1912కి ఫోన్ చేసి లైను తీయమనండి.
2. గ్యాస్ బండకి రెగ్యులేటరు తీసి మూత పెట్టండి. బండ తేలకుండా స్తంభానికో కిటికీ చువ్వకో కట్టండి. తేలిన బండలు తలుపుల్ని గుద్దిన చప్పుడు ఆ రాత్రంతా మేం విన్నాం.
3. కాగితాల సంచి, మందులు, ఫోన్లు, ఛార్జర్లు, పవర్ బ్యాంకు, కళ్లజోళ్లు తీసుకోండి. బట్టలు వీటి తర్వాతే.
4. నేల మీదున్నవి మంచం మీదికి, మంచం మీదివి అటక మీదికి ఎక్కించండి. బీరువా కింది అర ఖాళీ చెయ్యండి.
5. బాత్రూం కమోడు లోపలా, నేల మీది తూము మీదా ఇసక నింపిన కవర్లు అదిమి పెట్టండి. చాలా ఇళ్లలోకి మొదటి నీళ్లు గుమ్మం గుండా రావు, డ్రైనేజీ ఎదురుతన్ని బాత్రూంలోంచి వస్తాయి.
6. ఫోన్‌తో ప్రతి గదికీ ఒక వీడియో తీయండి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల మీదుండే మోడల్ నంబరు చీటీలు కనిపించాలి. ఈ వీడియో విలువ రెండు వారాల తర్వాత తెలుస్తుంది.

## 2. మొదటి రాత్రి ఎక్కడ?

మూడు దారులుంటాయి: మేడ మీదే ఉండిపోవడం, పునరావాస కేంద్రానికి వెళ్లడం, బంధువుల ఇంటికి పోవడం.

మేడ మీద ఉండటం తేలికనిపిస్తుంది. కింద ఇల్లు కంటికి కనపడుతుంది గదా అని ధైర్యం కూడా. కాని ట్యాంకులో నీళ్లు అయిపోయాక మోటారు నడవదు. రెండో రోజుకి ఫోన్లు చచ్చిపోతాయి. మా వైపు డ్రోన్లతో పొట్లాలు వేశారు, పడవల్లో పాలు తెచ్చారు. అయినా వీధి చివరిదాకా అందినవి లోపలి సందుల్లోకి అంత తొందరగా అందలేదు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణి, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉంటే మొదటి పడవకే ఎక్కించండి. మిగతావాళ్ల సంగతి తర్వాత ఆలోచించొచ్చు.

కేంద్రానికి వెళ్తే లోపలికి అడుగుపెట్టగానే పేర్లు రాయించండి. ఎంతమంది, ఏ వీధి, ఏ డోరు నంబరు, అన్నీ. ఆ జాబితాలో పేరుంటే భోజనం, మందులతో పాటు తర్వాత ప్రభుత్వం వాళ్లు నష్టం లెక్కలు రాసేటప్పుడూ పనికొస్తుంది. పడుకోవడానికి మరుగుదొడ్డికి దగ్గరగా కాకుండా, దూరంగా కూడా కాకుండా చోటు చూసుకోండి. ఆడవాళ్లు, పిల్లలు గోడ వైపు.

ఎక్కడున్నా సరే, వరద లేని చోట ఉన్న ఒక మనిషిని ఎంచుకుని, అందరూ ఆ ఒక్కరికే కబురు చెప్పేలా ఏర్పాటు చేసుకోండి. మాకు ఏలూరులో మా చెల్లెలు. "అక్కా, మీరెవరికీ చెయ్యొద్దు, అడిగినవాళ్లందరికీ నేను చెప్తా" అంది. ఇరవై మందికి ఇరవై సార్లు చెప్పే బ్యాటరీ మా ఫోన్‌లో మిగిలింది.

పేపరు మీద రాసుకోవాల్సిన నంబర్లు:
- 112: ఏ అత్యవసరానికైనా
- 108: అంబులెన్స్
- 101: అగ్నిమాపక శాఖ
- 1070: రాష్ట్ర కంట్రోల్ రూము
- 1077: జిల్లా కంట్రోల్ రూము
- 1912: కరెంటు
- 1906: గ్యాస్ లీకు

## 3. ఎన్నాళ్లుండాలో ముందే అంచనా వేసుకోండి

"రేపటికి తీసేస్తాయి" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాట పట్టుకుంటే రోజూ బట్టలు సర్దుకోవడం, రోజూ నిరాశపడటం. నీళ్లు ఎక్కడివో తెలుసుకుంటే ఎన్నాళ్లుంటాయో మీకే తెలుస్తుంది.

కేవలం వాననీళ్లయితే, వాన ఆగి కాలవలు లాగితే గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో పోతాయి.

నదికో వాగుకో గేట్లు ఎత్తడం వల్ల వచ్చిన నీళ్లయితే గేట్లు దించాకే తగ్గుతాయి. 2025 సెప్టెంబరు చివర్లో హైదరాబాద్‌లో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చింది. అలాంటప్పుడు చూడాల్సింది మీ వీధిని కాదు, పైన జలాశయంలోకి వస్తున్న వరదని.

మూడోది మా రకం. కట్ట తెగిన నీళ్లు పల్లంలో చేరి నిలబడిపోవడం. మా వైపు పారే బుడమేరు వాగు నీళ్లు మామూలుగా కొల్లేరు సరస్సుకి పోవాలి. వరదొస్తే కొంత వెలగలేరు దగ్గర డైవర్షన్ కాలవలోకి, అక్కణ్నుంచి కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ వారం కృష్ణే పోటెత్తి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉంటే కాలవ నీళ్లు అందులోకి దిగలేవు. దానికి తోడు ఆ కాలవ కట్టకి మూడు గండ్లు. చివరి గండి పూడింది సెప్టెంబరు 7న. అంటే అప్పటిదాకా మా కాలనీల్లోకి కొత్త నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఈ లెక్క నాకు మొదటి రోజే తెలిసుంటే వారానికి సరిపడా ఏర్పాటు మొదటి రోజే చేసుకునేదాన్ని.

అందుకని వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడే. గండి పూడిందా? నీళ్లు పోవాల్సిన చోట మట్టం తగ్గిందా? ఎగువన వాన ఉందా? మొదటిదానికి "లేదు" అని జవాబొస్తే ఇంకో నాలుగు రోజులు ఉండాలనుకుని ఏర్పాట్లు చేసుకోండి.

## 4. ఒకరి ఇంట్లో పదకొండు మంది

మా ఆడపడుచుది రెండు పడగ్గదుల ఇల్లు. వాళ్లు నలుగురు, మేం అయిదుగురం, మా వెనకే వచ్చిన పైవాటా వాళ్లు ఇద్దరు. ఎంత ప్రేమ ఉన్నా మూడో రోజుకి ఇల్లు ఇరుకవుతుంది. అది ఎవరి తప్పూ కాదు. ముందే మాట్లాడుకుంటే మనసులు కష్టపడవు.

వెళ్లిన రాత్రే ఆమెతో అన్నాను: "వదినా, మాకు వారం పట్టేలా ఉంది. సరుకులు, గ్యాస్, నీళ్ల టిన్నుల ఖర్చు మాది. కాదనొద్దు." ఆవిడ కాదంది. నేను వినలేదు. మర్నాడు పొద్దున్నే మా ఆయన పాతిక కేజీల బియ్యం, కందిపప్పు, నూనె, పాలు తెచ్చి వంటింట్లో దించాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో మేం చుట్టాల్లా కాకుండా ఇంటి మనుషుల్లా తిరిగాం.

ఇవి కూడా మొదటి రోజే తేల్చుకోండి:

- స్నానాల వరస. ఆఫీసు, బడి ఉన్నవాళ్లు ముందు. మనం చివర.
- వంట ఎవరిది, గిన్నెలు ఎవరివి. ఒక పూట వాళ్లకి పూర్తిగా సెలవివ్వండి.
- రోజుకో గంట ఆ ఇంటివాళ్లని వాళ్ల మానాన వదిలి బయటికి వెళ్లండి. గుడికో, పార్కుకో.
- పిల్లలకి రోజూ ఒకే వేళకి చదువు, ఒకే వేళకి ఆట. బడి ఎప్పుడు తెరుస్తారో టీచరుకి ఫోన్ చేసి కనుక్కోండి. పుస్తకాలు తడిసిన సంగతి అప్పుడే చెప్పండి.

పెద్దవాళ్ల విషయం వేరు. మా అత్తయ్య రోజుకి పదిసార్లు ఒకటే మాట: "తులసికోట ఉందో కొట్టుకుపోయిందో." కసురుకుంటే ఆవిడ భోజనం మానేసేది. మా ఆడపడుచు ఒక కుండీలో తులసి మొక్క తెచ్చి బాల్కనీలో పెట్టింది. పొద్దున్నే దానికి నీళ్లు పోయడం ఆవిడ పని. పెద్దవాళ్లకి ఓదార్పు మాటలకన్నా చేతికో పని ఎక్కువ మేలు చేస్తుంది. పప్పు ఏరడం, పిల్లల జడలు, ఏదైనా సరే.

వారం దాటేలా ఉంటే మొహమాటపడకుండా నెలకో గది అద్దెకి చూసుకోండి. అప్పు చేసైనా సరే అంటాను నేను. పదిహేనో రోజున చెడిన బంధుత్వం తర్వాత ఎంత పెట్టినా అతకదు.

## 5. ఒంట్లో బాగుండటం

వరద నీళ్లలో డ్రైనేజీ కలిసుంటుంది. పశువుల, ఎలుకల మూత్రం ఉంటుంది. కాబట్టి ఆ నీళ్లలోంచి నడిచొచ్చిన ప్రతి ఒక్కరూ చేరగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చెయ్యాలి. కాళ్ల వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టుకోవాలి. గాయముంటే శుభ్రం చేసి, ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే మళ్లీ వేయించుకోండి.

తాగే నీళ్లు. టిన్ను దొరికితే మంచిదే. లేకపోతే బాగా తెర్లేదాకా కాచి, ఇంకో నిమిషం ఉంచి దించండి. కాచే వీల్లేకపోతే క్లోరిన్ బిళ్లలు వాడండి. ఒక్కో బిళ్ల ఎన్ని లీటర్లకో అట్ట మీద ఉంటుంది. మురికి నీళ్లయితే ముందు నూలు గుడ్డతో వడగట్టి, బిళ్ల వేసి అరగంట ఆగాలి.

విరేచనాలు. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం, చెంచాతోనే కొలవండి. మూత్రం ఆగినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఆస్పత్రికి.

జ్వరం. నీళ్లలో తిరిగిన నెలలోపు జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే డాక్టరు దగ్గర మొదటి మాటగా "వరద నీళ్లలో నడిచాను" అని చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అనుమానం అప్పుడే వస్తుంది. ఇది రాకుండా డాక్సీసైక్లిన్ అనే మందు ఇస్తారు. పక్కింటివాళ్లు వేసుకున్నారని మీరూ వేసుకోవద్దు. గర్భిణులకి, చిన్నపిల్లలకి అది పనికిరాదు, డాక్టరు చెబితేనే.

రోజూ వాడే మందులు. బీపీ, షుగరు, థైరాయిడ్, మూర్ఛ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి. చీటీ తడిసిపోతే ఎప్పుడూ కొనే మందుల షాపు వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది, ఫోన్ చెయ్యండి. మా అత్తయ్యకి ఇన్సులిన్. వాడుతున్న సీసా చాలా రకాల్లో దాదాపు 4 వారాలు ఎండ తగలకుండా బయట ఉండగలదు. కరెంటు లేని ఆ ఒక్క రాత్రి కొత్త సీసాల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చిన్న మట్టికుండలో పెట్టి, కుండని తడిగుడ్డతో చుట్టాం. ఐసు ముక్కలకి ఆనించకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చిన్నదానికే కోపం రావడం మా ఇంట్లో అందరికీ జరిగింది. రెండు మూడు వారాలకీ తగ్గకపోతే 14416కి, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి, ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు.

## 6. కాగితాల పని ఇప్పుడే, ఇక్కడే

ఎదురుచూసే రోజుల్లో చేతికి పనుండదు. చెయ్యాల్సిన పని మాత్రం బోలెడుంటుంది. ఒక నోటుబుక్కు కొనండి. మా 40 పేజీల నోటుబుక్కే చివరికి మాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది.

మొదటి పేజీలో తేదీల వారీగా జరిగింది రాయండి. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎంత లోతు, ఎప్పుడు బయటపడ్డారు. రెండో పేజీ నుంచి గది గదికీ వస్తువుల జాబితా: ఏది, ఎప్పుడు కొన్నది, సుమారు ఎంతకి. కళ్లు మూసుకుని గుమ్మంలోంచి లోపలికి నడిచినట్టు ఊహించుకుంటే ఒక్కటీ మర్చిపోరు. ఆన్‌లైన్లో కొన్నవాటి బిల్లులు మెయిల్లోనే ఉంటాయి.

ప్రభుత్వ సాయం. 2024లో మా దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 రూపాయలు ప్రకటించారు. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలోకే. ఇలాంటివి ప్రతిసారీ ఒకేలా ఉండవు, మొత్తాలు మారతాయి. మారనిది ఒకటే: లెక్కకి వచ్చినవాళ్లకి మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు కనపడాలి, ఆధార్‌కి ఖాతా కలిసి ఉండాలి. ఈ రెండోది ఇప్పుడే బ్యాంకుకెళ్లి సరిచూసుకోండి. మా ఎదురింటి వాళ్ల డబ్బు, ఎప్పుడో వాడటం మానేసిన పాత ఖాతాలోకి వెళ్లింది. తెలుసుకోవడానికే నెల పట్టింది.

అద్దెకున్నవాళ్లు అగ్రిమెంటు, గ్యాస్ బుక్కు, పిల్లల బడి రసీదు, ఏదో ఒకటి ఆ చిరునామాతో ఉన్నది దగ్గర పెట్టుకోండి. లెక్కలకి వచ్చే వేళకి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. సాయం జాబితాలో పేరు రాకపోతే అది పెట్టిన రోజే వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా "చూస్తాం" అంటే ఆగకండి.

బండ్లు. మునిగిన బండిని, కారుని స్టార్ట్ చేయొద్దు. తాళం కూడా తిప్పొద్దు. ఇంజన్లోకి చేరిన నీళ్లు అలాగే ఉండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బీమా కంపెనీ "ఇది వరద నష్టం కాదు, స్టార్ట్ చేయడం వల్ల జరిగింది" అంటుంది. ముందు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. బండిని తోయించి తెచ్చే పని తర్వాత. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. పూర్తి బీమా ఉన్నా ఇంజన్ ఖర్చుకి చాలావరకు ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి.

ఇంటి బీమా. "మాకేం లేదు" అని తీర్మానించేయకండి. ఇంటి అప్పు ఉంటే బ్యాంకు కాగితాలు వెతకండి. అప్పుతో పాటే చాలాసార్లు ఇంటి బీమా కట్టించుకుని ఉంటారు. భారత్ గృహ రక్ష పాలసీ అయితే వరద నష్టం వస్తుంది. ఇంటి కట్టడానికి తీసుకున్నది అయితే దాని మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలకి మించకుండా, ఇంట్లో సామాన్లకి కూడా వర్తిస్తుంది. ఇది తెలియక వదులుకున్నవాళ్లని చూశాను.

తడిసిన కాగితాలు. అతుక్కున్న పేజీల్ని లాగొద్దు. తెల్లకాగితాల మధ్య పెట్టి, ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. న్యూస్ పేపరు సిరా అంటుకుంటుంది. ఎక్కువ ఉంటే ప్లాస్టిక్ కవర్లో వేసి డీప్ ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టకుండా ఆగుతాయి, తీరికగా ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. ఇంటి దస్తావేజు పోయినా దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. ఆధార్, లైసెన్సు డిజీలాకర్‌లో. తడిసిన నోట్లు ఆరబెట్టి బ్యాంకుకి తీసుకెళ్లండి, మారుస్తారు.

## 7. "ఒక్కసారి చూసొస్తా" అనే మాట

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే చదివే ఓపికుంటే ఇది చదవండి.

మూడో రోజు మా ఆయన అన్నాడు, "ఒక్కసారి చూసొస్తా, తాళం ఉందో లేదో." నడుంలోతు నీళ్లు. రోజూ తిరిగే వీధే, కళ్లు మూసుకుని వెళ్తాననుకున్నాడు. మలుపు దగ్గర సైడు కాలవ మీది పలక కొట్టుకుపోయింది. పైన నీళ్లు, కింద గొయ్యి. మెడదాకా దిగిపోయి, కిటికీ ఊచ పట్టుకుని పైకొచ్చాడు. కాలి మడమ మీద రేకు కోసిన గాయం మానడానికి నెలన్నర. ఇంతా చేసి తెచ్చిన కబురు: తాళం ఉంది.

వెళ్లకండి. ఇంట్లో ఉన్నవి అప్పటికే మునిగాయి. మీరు చూసినందువల్ల ఒక్కటీ తేలదు. దొంగల భయముంటే వీధిలో మేడల మీద ఉండిపోయినవాళ్లకి చెప్పండి, పోలీసులకి ఫోన్ చెయ్యండి.

మందో, మనిషో లోపలుండి తప్పనిసరిగా వెళ్లాల్సొస్తే:

- సహాయక బృందం పడవలోనే. నడిచి కాదు.
- నడక తప్పకపోతే ఇద్దరు, పగటిపూట, చేతిలో పొడుగు కర్ర. అడుగు వేసే ముందు కర్రతో తడమాలి. వీధి మధ్యలోంచే నడవాలి, అంచుల్లో కాలవలుంటాయి. మధ్యలో కర్ర దిగిపోతే అది మ్యాన్‌హోల్, వెనక్కి రండి.
- కాళ్లకి బిగుతైన బూట్లు. చెప్పులు ఊడిపోతాయి.
- నీళ్లు మోకాలి లోతే ఉన్నా జోరుగా పారుతుంటే దిగొద్దు. మోకాలి లోతు పారే నీళ్లు పెద్దమనిషిని పడేస్తాయి.
- కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, తెగిన తీగ ఉన్న వైపుకి అసలు పోవద్దు.

## 8. తిరిగి వెళ్లే రోజు

నీళ్లు తీసిన రోజే వెళ్లాలనిపిస్తుంది. ఒక రోజు ఆగండి. గండి పూడేదాకా, ఎగువన వాన తెరిపిచ్చేదాకా నీళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరగొచ్చు. పెరగడం చూశాం కూడా.

ఇవన్నీ అవునైతేనే వెళ్లండి:

- వీధిలో నీళ్లు పూర్తిగా పోయాయి
- గండ్లు పూడాయి, ఎగువన వాన హెచ్చరిక లేదు
- వీధికి కరెంటు ఇచ్చినా మీ ఇంటి మెయిన్ ఆపే ఉంది
- ఎలక్ట్రీషియన్ ఎప్పుడొస్తాడో మాట తీసుకున్నారు
- శుభ్రం చేయడానికి నీళ్లు దొరుకుతాయి. మా దగ్గర ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి, మీ వీధికి ఎప్పుడొస్తాయో కనుక్కోండి
- మొదటి రెండు రోజులు పెద్దవాళ్లు, పిల్లలు తలదాచుకున్న చోటే ఉంటారు

వెంట తీసుకెళ్లాల్సినవి: పార, రబ్బరు వైపరు, గట్టి చీపుళ్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు, రబ్బరు గ్లవ్సులు, మాస్కులు, బూట్లు, టార్చి, తాగే నీళ్లు, భోజనం, పాత గోనెసంచులు, స్క్రూడ్రైవరు. తలుపులు ఉబ్బి బిగుసుకుపోతాయి గనక చిన్న గునపం కూడా.

## 9. తలుపు తీశాక: వరస ముఖ్యం

ముందు తలుపులు బార్లా తీసి అరగంట బయటే ఉండండి. గ్యాస్ వాసన ఉందేమో చూడండి. ఉంటే లోపలికి పోవద్దు, అగ్గిపుల్ల గీయొద్దు, 1906కి చేయండి. లోపల పాములు, తేళ్లు ఉండొచ్చు. కర్రతో చప్పుడు చేస్తూ వెళ్లండి, పరుపుల కింద, బీరువా వెనక, కమోడులో చూడండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా విషానికి మందున్న ఆస్పత్రికి.

ఫొటోలు తీశాకే చీపురు పట్టండి. గోడ మీది నీటి చార పక్కన మీటరు టేపు పెట్టి ఒకటి. ప్రతి వస్తువుకీ ఒకటి. లెక్క రాసుకునేవాళ్లు రాకముందే పారేయాల్సి వస్తే కనీసం మోడల్ నంబరు చీటీ ఫొటో ఉండాలి.

బురద తడిగా ఉండగానే తీయండి. ఆరితే సిమెంటులా పట్టేస్తుంది. లోపలి గదుల నుంచి గుమ్మం వైపుకి, గోడల మీంచి కిందికి. తీసిన బురద కాలవలో వేస్తే వీధంతా మళ్లీ మునుగుతుంది, సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెట్టండి.

కడిగాకే బ్లీచింగ్. బురద మీద చల్లితే పని చేయదు. లీటరు నీళ్లకి 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు కలిపి నేలా, గోడల కింది భాగమూ తడిపి పది నిమిషాలుంచి కడగండి. మాస్కు, గ్లవ్సులు ఉండాలి. కిటికీలు తెరిచుండాలి. యాసిడ్‌తో గానీ బాత్రూం క్లీనర్‌తో గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. మా వీధిలో ఒకావిడ రెండూ కలిపి బాత్రూంలోనే పడిపోయింది. సమయానికి చూశారు కాబట్టి సరిపోయింది.

సంపు, ట్యాంకు. మొత్తం తోడించి, గోడలు రుద్ది, బ్లీచింగ్ నీళ్లతో కడిగించాలి. సంపులోకి దిగే ముందు మూత చాలాసేపు తీసి ఉంచాలి. ఒక్కరే దిగకూడదు, పైన మనిషుండాలి. కొత్త నీళ్లు నింపాక వెయ్యి లీటర్లకి ఒక చిన్న చెంచా బ్లీచింగ్ పౌడరు చొప్పున కలిపి గంట ఆగండి. అయినా తాగడానికి కొన్నాళ్లు కాచినవే.

కరెంటు. మునిగిన స్విచ్ బోర్డులు, ప్లగ్గులు విప్పి ఆరబెట్టాలి, చాలామటుకు మార్చాలి. ఎలక్ట్రీషియన్ చూసి, ఎర్తింగ్ సరిచూసి, ఒక్కో గదికి విడివిడిగా కరెంటు ఇవ్వాలి. ఫ్రిజ్, టీవీ, మిక్సీ పైకి ఆరినట్టే ఉంటాయి. మెకానిక్ విప్పి చూడందే ప్లగ్గు పెట్టొద్దు. ఇన్నాళ్లు బయటున్న కంగారులో ఇక్కడే చాలామంది తొందరపడతారు. నీళ్లలో పోని ఫ్రిజ్ ప్లగ్గు పెట్టడం వల్ల పోయింది, మా ఇంట్లోనే.

పారేయాల్సినవి. దూది పరుపులు, దిండ్లు, తడిసిన పిండి, పప్పులు, మూత ఊడిన సీసాల్లోవి, తడిసిన మాత్రలు. ఫ్రిజ్‌లోవి ఒక్కటీ ఉంచొద్దు. స్టీలు గిన్నెలు సబ్బుతో తోమి మరిగే నీళ్లలో ముంచితే చాలు. పట్టుచీరలు మడతలు విప్పి మంచినీళ్లలో జాడించి నీడలో ఒక్కొక్కటి విడిగా ఆరెయ్యండి. ఒకదాని మీద ఒకటుంటే అంచు రంగు దిగుతుంది. నా పెళ్లి చీర ఎర్ర అంచు అత్తయ్య తెల్లపట్టు మీదికి దిగింది.

చెక్క సామాన్లు ఎండలో పెట్టొద్దు. పగుళ్లిస్తాయి. నీడలో, గాలికి, కింద ఇటుకలు పెట్టి నిలబెట్టండి. బీరువా సొరుగులు ఉబ్బి రాకపోతే గుంజొద్దు, వెనక చెక్క విప్పండి.

## 10. మొదటి రాత్రి ఇంట్లో

గోడలు పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. రంగు వేయించడానికి తొందరపడొద్దు, పొంగిపోతుంది. ఆలోపు ఒక్క గదినే పూర్తిగా శుభ్రం చేసుకుని అందులోనే పడుకోండి. దోమతెర కట్టండి, వీధంతా గుంటల్లో నీళ్లుంటాయి. వంటిల్లు తేలేదాకా వంట పెట్టుకోకండి, ఆడపడుచు ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకున్నా తప్పు లేదు.

ఎలక్ట్రీషియన్ కొత్త బోర్డులు బిగించే ముందే గోడ మీది చార ఎత్తు కొలవండి. మాది నేల నుంచి 4 అడుగుల 2 అంగుళాలు. బోర్డులన్నీ దానికి అడుగు పైన పెట్టించాం, ఇన్వర్టర్‌ని అటక మీదికి ఎక్కించాం, కాగితాల పెట్టె కోసం పైన అలమర కట్టించాం. సున్నం వేసేటప్పుడు వంటింటి తలుపు వెనక జానెడు మేర చారని అలాగే ఉంచమన్నాను. పక్కనే పెన్సిల్‌తో తేదీ రాశాను.